నమ్మకము, సందేహము: డి.డి.టి. నేర్పిన పాఠము



ఈ పూట మీతో ఒక మందు చరిత్రను గూర్చి ముచ్చటించదలచాను. అది పంట మందూ అయినది, ఇంటి గోడల మందూ అయినది. ఒకప్పుడు దానిని దేవుడిచ్చిన వరమన్నారు. తరువాత విషమన్నారు. ఆ పిదప మళ్ళీ కొందరు వరమేనన్నారు. అదే డి.డి.టి.

దీని చరిత్ర ఇప్పుడెందుకయ్యా అంటారేమో. వ్యవసాయ డిప్లొమా చదివి, విస్తరణాధికారిగా ఊళ్ళు తిరిగే నావంటివాడికి రచ్చబండ దగ్గర తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. "అయ్యా, నిన్న మీవాళ్ళే కొట్టమంటిరి. నేడు మీవాళ్ళే వద్దంటిరి. టీకా మంచిదని ఒకరు, కాదని ఒకరు. వానలు మారిపోయినవని ఒకరు, అంతా అబద్ధమని ఒకరు. మేం ఎవరి మాట నమ్మేది?" ఇది తేలికగా కొట్టిపారవేయదగిన ప్రశ్న కాదు. అడిగినవాణ్ణి చూసి నవ్వకూడదు. అన్నిటినీ నమ్మేవాడు నష్టపోతాడు, దేనినీ నమ్మనివాడూ నష్టపోతాడు. సందేహపడటానికీ ఒక పద్ధతి ఉన్నది. ఆ పద్ధతి డి.డి.టి. కథలో బాగా కనబడుతుంది.

ముందు మలేరియా సంగతి చెప్పుకోవాలి. పెద్దలు చలిజ్వరమనీ, మన్యపు జ్వరమనీ పిలిచినది ఇదే. దోమ కుట్టితే ఈ జ్వరం వస్తుందన్న సంగతికి మూలమైన పరిశోధన మన గడ్డమీదనే జరిగింది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. కారణం తెలిసింది గాని, అర్ధ శతాబ్దం గడిచినా జ్వరం తగ్గలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. ఇది వైద్యశాలల లెక్క మాత్రమే కాదు, వ్యవసాయపు లెక్క కూడా. ముసురు పట్టి నాట్లు పడే వేళకు ఇంట్లో ముగ్గురు మంచాలమీద వణుకుతూ ఉంటే నారు ఎవరు పీకుతారు? కలుపు ఎవరు తీస్తారు? హిమాలయాల దిగువన తెరాయి వంటి సారవంతమైన నేలలు ఈ జ్వరానికి జడిసి చాలాకాలం బీడుగా పడి ఉండేవి.

ఇక డి.డి.టి. పుట్టుక. ఈ పదార్థాన్ని 1874లోనే ఒథ్‌మార్ జెయిడ్లర్ అనే రసాయన విద్యార్థి తయారుచేశాడు. అది పురుగులను చంపుతుందని అతనికి తెలియదు. 1939లో స్విట్జర్లాండు దేశంలో గైగీ కంపెనీలో పనిచేసే పాల్ మ్యుల్లర్ ఆ గుణం కనిపెట్టాడు. గాజుపెట్టెలో ఈగలను పెట్టి, ఒక్కొక్క పదార్థమే ప్రయోగించి చూసేవాడు. డి.డి.టి. పూసిన పెట్టెను కడిగినా కూడా, తరువాత అందులో వేసిన ఈగలు చచ్చిపోయినవట. అంటే ఈ మందు చల్లినచోట చాలాకాలం అంటిపెట్టుకొని పనిచేస్తుందన్నమాట. ఈ గుణాన్ని జ్ఞాపకం పెట్టుకోండి. మేలు జరిగినా దీనివల్లనే, కీడు జరిగినా దీనివల్లనే.

రెండవ ప్రపంచయుద్ధం జరుగుతుండగా, 1943–44 శీతాకాలంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో పేల వలన వచ్చే టైఫస్ జ్వరం చెలరేగింది. పది లక్షలకు పైగా జనానికి బట్టల్లో డి.డి.టి. పొడి చల్లారు. జ్వరం అదుపులోకి వచ్చింది. 1948లో మ్యుల్లర్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అతడు వైద్యుడు కాడు, రసాయన శాస్త్రజ్ఞుడు. అయినా అతని మందు వైద్యులు చేయలేని పని చేసింది గనుక ఆ గౌరవం దక్కింది.

మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1954లో హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి, మరుసటి సంవత్సరం ఢిల్లీలో డి.డి.టి. తయారీ ప్రారంభించింది. 1958లో "నియంత్రణ" అన్న మాట తీసి "నిర్మూలన" అన్నారు. చదరపు మీటరు గోడకు ఒక గ్రాము మందు చొప్పున ఇంటి లోపలి గోడలమీద పిచికారి చేయాలి. రక్తం తాగి బరువెక్కిన దోమ గోడమీద వాలుతుంది, మందు కాళ్ళకంటి చస్తుంది. ఒకరి రక్తంలోని క్రిమి ఇంకొకరికి చేరకమునుపే దారి తెగిపోతుంది. సూత్రం ఇంత సులువైనది.

ఆచరణ మాత్రం సులువు కాదు. గడపగడపకూ డబ్బాలు మోసుకొని తిరగాలి. పండుగకని గోడ అలికితే మందు మట్టి కిందికి పోతుంది. దేవుడి గదిలో కొట్టవద్దు, గాదె దగ్గర కొట్టవద్దు అనే ఇల్లాళ్ళు ఉండేవారు. ఇక నల్లుల సంగతి. మొదట్లో దోమలతోపాటు నల్లులు కూడా చచ్చాయని జనం సంతోషించారు. కొన్నాళ్ళకు, "మీ మందుకు నల్లులు చావడం లేదు సరిగదా, ఇంకా ఎక్కువైనవి" అని తలుపులు వేసుకొన్నారు. ఇటువంటి ఫిర్యాదు అనేక దేశాల్లో వినవచ్చింది. చదువురాని వాళ్ళ మూఢత్వమని దీనిని తోసిపుచ్చినవారు లేకపోలేదు. కాని అది మూఢత్వం కాదు, కంటితో చూసి చెప్పిన నిజం. డి.డి.టి.కి లొంగని నల్లులను 1947లోనే హవాయి దీవుల్లో గుర్తించారు. లొంగని ఈగలు అంతకు ముందు సంవత్సరమే స్వీడన్‌లో కనబడినవి. ఇంటావిడ నల్లిని చూసి చెప్పిన మాట, రేపు దోమకు జరగబోయే దానికి ముందు హెచ్చరిక.

అయినప్పటికీ ఫలితం మాత్రం ఘనమైనది. 1965 నాటికి దేశం మొత్తంమీద మలేరియా కేసులు సుమారు లక్షకు దిగినవి. ఏడున్నర కోట్లెక్కడ, లక్ష ఎక్కడ! డి.డి.టి. ఏ మేలూ చేయలేదనే మాట ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. గోడమీద కొట్టిన ఆ గ్రాము మందు లక్షలాది ప్రాణాలు నిలిపింది.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? గోడమీది మందు పొలానికి చేరినచోట వచ్చింది. పత్తి, వరి, కూరగాయలు, ఒకటేమిటి, పురుగు కనబడినచోటల్లా డి.డి.టి., దాని అన్నదమ్ముల వంటి ఇతర మందులు గుమ్మరించారు. గోడమీద గ్రాములలో లెక్క, పొలంలో కిలోలలో లెక్క. పొలంనుంచి కాలువకు, కాలువనుంచి గుంటకు పోయిన మందు నీటిలో పెరిగే దోమపిల్లలకు కొద్దికొద్దిగా అందుతుంది. అందులో బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి బతుకుతాయి. బతికినవాటి సంతానం ఊరంతా నిండుతుంది. విత్తనానికి మంచి కంకి ఏరినట్లు, మనమే మందుకు లొంగని దోమను ఏరి పెంచామన్నమాట. మన పల్లెల్లో మలేరియా వ్యాపింపజేసే ముఖ్యమైన దోమ అనాఫిలీస్ కులిసిఫేసీస్. దీనికి డి.డి.టి. పనిచేయడం లేదని 1959లోనే గుజరాత్ ప్రాంతంనుంచి సమాచారం వచ్చింది.

దానికితోడు, గెలిచామన్న ధీమా. నిఘా సడలింది. మందు వేళకు అందలేదు. నిధులు కుదించారు. 1976లో దేశంలో 64 లక్షలకు పైగా కేసులు నమోదైనవి. "నిర్మూలన" అన్న మాట పక్కకు పెట్టి, 1977లో కార్యక్రమాన్ని సవరించుకోవలసి వచ్చింది.

ఇప్పుడు కథ అమెరికాకు పోతుంది. అక్కడ డి.డి.టి.ని విమానాలతో అడవులమీద, ఊళ్ళమీద చల్లేవారు. 1962లో రేచెల్ కార్సన్ అనే జీవశాస్త్ర రచయిత్రి "సైలెంట్ స్ప్రింగ్" అనే పుస్తకం ప్రచురించింది. పక్షుల పాట వినరాని వసంతం అని దాని భావము. ఆమె అడిగినది మందు మంచిదా, చెడ్డదా అని కాదు. చల్లిన తరువాత ఆ మందు ఎక్కడికి పోతున్నది అని. కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అనే చెరువు ఉదాహరణ ఆమె చూపించింది. అక్కడ ముసురుకొనే చిన్న ఈగలకోసం డి.డి.టి.కి దగ్గర బంధువైన డి.డి.డి. అనే మందును చెరువులో కలిపారు. ఏడు కోట్ల పాళ్ళ నీటికి ఒక పాలు మాత్రమే. ఇంత కొంచెం ఏమి చేస్తుందనుకొన్నారు. నీటి నాచులోకి, నాచునుంచి చిన్న చేపకు, చిన్న చేపనుంచి పెద్ద చేపకు, చేపనుంచి నీటి పక్షికి పోయేసరికి పక్షి కొవ్వులో పది లక్షల పాళ్ళకు 1600 పాళ్ళ మందు తేలింది. నీళ్ళలో కరగక, కొవ్వులో కరిగి నిలిచిపోయే మందు గనుక మెట్టు మెట్టుకూ పేరుకొన్నది. వడ్డీమీద వడ్డీ పెరిగినట్లు అన్నమాట.

పుస్తకం రాగానే మందుల కంపెనీలు మండిపడ్డాయి. ఒక కంపెనీ, ప్రచురణకర్తకు దావా వేస్తామని బెదిరిస్తూ జాబు వ్రాసింది. మోన్‌శాంటో కంపెనీ, మందులు లేకపోతే పురుగులు దేశాన్ని తినివేస్తాయన్న ధోరణిలో ఒక ఎగతాళి కథ అచ్చువేయించింది. ఆమె ఆడది, భావుకురాలు, శాస్త్రం తెలియనిది అన్నవారూ ఉన్నారు. అప్పుడు అధ్యక్షుడు కెన్నెడీ తన శాస్త్ర సలహా సంఘాన్ని విచారించమన్నాడు. ఆ సంఘం 1963 మే నెలలో నివేదిక ఇచ్చి, ఆమె లేవదీసిన భయాలకు ఆధారమున్నదని చెప్పింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో కార్సన్ కాన్సర్ వ్యాధితో చనిపోయింది.

ఒక్క మాట గమనించండి. పురుగుమందు అన్నది వాడనే కూడదని కార్సన్ చెప్పలేదు. విచ్చలవిడిగా వాడితే దోమలు, పురుగులు తట్టుకొనే శక్తి తెచ్చుకొంటాయనీ, అప్పుడు జబ్బులకు మందే లేకుండా పోతుందనీ హెచ్చరించింది. అంటే మలేరియా మందును కాపాడుకోవాలన్నా పొలంలో అదుపు అవసరమని ఆమె వాదం. మన దేశంలో తరువాత జరిగినది చూస్తే ఆ హెచ్చరిక ఎంత విలువైనదో తెలుస్తుంది.

ఆమె పోయిన తరువాత కూడా కొలతలు ఆగలేదు. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే పరిశోధకుడు, సరదాకు గుడ్లు సేకరించేవారి పెట్టెల్లో దాచిన పాత బైరి డేగ గుడ్ల పెంకులు తూచి చూశాడు. డి.డి.టి. వాడకం మొదలైన 1940ల చివరనుంచి పెంకులు సుమారు అయిదోవంతు పలుచబడినవని 1967లో ప్రకటించాడు. తల్లి పొదగబోతే గుడ్డు చిట్లిపోయేది. అమెరికాలో జాతీయ చిహ్నమైన తెల్లతల గద్దలు, అలాస్కా మినహా ప్రధాన భూభాగంలో 1963 నాటికి 417 జతలే మిగిలినవి. 1972లో అక్కడ పంటలమీద డి.డి.టి.ని నిషేధించారు. 2007 నాటికి ఆ గద్దలు సుమారు 9,800 జతలకు పెరిగినవి. మనుషుల సంగతి తేలటానికి ఇంకా కాలం పట్టింది. 2015లో అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ డి.డి.టి.ని "బహుశా కాన్సర్ కలిగించే" పదార్థాల వరుసలో చేర్చింది. ఒక సందేహం తీరడానికి అర్ధ శతాబ్దం పట్టవచ్చును. అంతవరకు "రుజువు కాలేదు" అంటే "హాని లేదు" అని అర్థం కాదు.

ఇంతవరకు విన్నవారు, "అయితే డి.డి.టి. చెడ్డదే, తేలిపోయింది" అనవచ్చు. ఆగండి. కథలో ఇంకొక మలుపు ఉన్నది. కొన్ని దశాబ్దాల తరువాత మరొక రకం సందేహవాదులు బయలుదేరారు. కార్సన్ పుస్తకం వల్ల డి.డి.టి. ఆగిపోయిందనీ, అందువల్ల లక్షలమంది మలేరియాతో చచ్చారనీ ప్రచారం చేశారు. అందుకు శ్రీలంకను సాక్ష్యం చూపించేవారు. అక్కడ 1963లో మలేరియా కేసులు 17 మాత్రమే. 1968–69లో అయిదు లక్షలు దాటినవి. ఈ లెక్కలు నిజమే, కారణం మాత్రం అబద్ధం. మలేరియా పోయినట్లేనని శ్రీలంక తానే పిచికారి ఆపివేసింది. అప్పటి కార్యక్రమపు నియమం కూడా అదే. అమెరికా నిషేధం వచ్చినది తరువాత ఎన్నో ఏళ్ళకు, 1972లో. అదీ ఆ దేశపు పంటలకు సంబంధించినది. జబ్బులు వచ్చినప్పుడు శ్రీలంక మళ్ళీ డి.డి.టి. పట్టుకొన్నది, దోమ లొంగలేదు. 1977లో మలాథియాన్‌కు మారింది. నిఘా, రక్తపరీక్ష, దోమతెర, వైద్యం అన్నీ కలిపి దశాబ్దాలు శ్రమించిన పిదప 2016లో ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

అట్లని డి.డి.టి. వద్దన్న పక్షం వారు కూడా అన్నివేళలా ఒప్పు కాదు. దక్షిణాఫ్రికా 1996లో ఇళ్ళలో డి.డి.టి. ఆపి వేరే మందుకు మారింది. ఆ కొత్త మందుకు లొంగని దోమ ఒకటి తిరిగి వచ్చింది. 2000 సంవత్సరంలో కేసులు 60 వేలు దాటినవి. అప్పుడు మళ్ళీ గోడలకు డి.డి.టి. కొట్టించారు, కేసులు దిగినవి. అందుచేతనే 2001లో స్టాక్‌హోమ్‌లో దేశాలన్నీ కూడి చేసుకొన్న ఒడంబడికలో డి.డి.టి.ని పంటలకు వద్దన్నారు, జబ్బుల దోమలకు మాత్రం వేరే మార్గం లేనిచోట వాడుకోనిచ్చారు. మన ప్రభుత్వం 1989లోనే దానిని వ్యవసాయంనుంచి తొలగించి, ఆరోగ్య శాఖ వాడకానికి పరిమితం చేసింది. "మంచిదా, చెడ్డదా" అన్న ప్రశ్నే తప్పు. "ఎక్కడ, ఎంత, ఎప్పుడు, వాడకపోతే ఏమవుతుంది" అన్నది అసలు ప్రశ్న.

ఇది మనకు దూరపు కథ అనుకోకండి. 1980లలో పత్తి పండించిన గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ఇదే పాఠాన్ని తమ ఒంటిమీద నేర్చుకొన్నారు. అప్పుడు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చాయి. మొదటి ఒకటి రెండేళ్ళు పచ్చపురుగు రాలిపోతుంటే అందరికీ సంబరమే. పదిహేనుసార్లకు మించి కొట్టినవారున్నారు. 1987 నాటికి శనగ పచ్చపురుగు ఆ మందులకు లొంగడం మానింది. అక్షింతల పురుగు, సాలీడు వంటి మిత్రులు చచ్చి తెల్లదోమ విజృంభించింది. 1987–88లో అప్పుల పాలైన పత్తి రైతులు కొందరు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకొన్నారు. మందు పనిచేయడం లేదని పొలంలో మొదట గమనించినవాడు రైతే. కాని ఆ మాటను వ్రాసుకొని, పురుగును పరీక్షకు పంపి, కొట్టడం ఆపించే ఏర్పాటు ఊరికి వేళకు అందలేదు. గోడమీద నల్లిని చూసిన ఇల్లాలి కథే ఇది కూడా.

సందేహాన్ని సరిగా వాడుకొన్నవారి కథ కూడా ఉన్నది. ఇండొనీషియాలో వరిమీద మందులకు ప్రభుత్వం భారీగా రాయితీ ఇచ్చేది. ఎంత కొడితే అంత సుడిదోమ పెరిగింది. మందే దోమను పెంచుతున్నదని శాస్త్రజ్ఞులు పొలాల్లో లెక్కలు తీసి చూపారు. 1986లో అక్కడి ప్రభుత్వం వరికి వాడే 57 రకాల మందులను ఒక్కసారిగా నిషేధించింది, తరువాత రాయితీ తీసివేసింది. పంట తగ్గలేదు. రైతులు చెట్టుకిందనే కూడి పురుగులు లెక్కించి నిర్ణయం తీసుకొనే బడి అక్కడే మొదలైంది. మనం పొలంబడి అంటున్నది దానినే. పాత ఖమ్మం జిల్లాలో పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎరపంటలతో పత్తి పండించి, 2004 నాటికి ఊరిలో పురుగుమందే లేకుండా చేసుకొన్నారు. వారు ఎవరో చెప్పగానే నమ్మలేదు. ముందు కొద్దిమంది చేసి చూశారు, ఖర్చు లెక్కలు పోల్చారు, తరువాతనే ఊరంతా కదిలింది.

ఇక్కడ రెండు రకాల సందేహాలున్నట్లు మీకు తెలిసే ఉంటుంది. ఒకటి రైతు సందేహం. అది జవాబు కోరుతుంది, లెక్క చూపితే తీరుతుంది. రెండోది అద్దె సందేహం. దానికి జవాబు అక్కరలేదు, కాలయాపన కావాలి. పొగాకు విషయంలో ఇదే జరిగింది. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల కాన్సర్‌కూ సంబంధమున్నదని 1950లోనే బ్రిటన్, అమెరికా దేశాల పరిశోధకులు లెక్కలు ప్రచురించారు. 1969లో ఒక అమెరికన్ సిగరెట్టు కంపెనీ తన లోపలి కాగితాల్లో, జనంలో సందేహం పుట్టించడమే తమ వ్యాపారమన్న అర్థంలో వ్రాసుకొన్నది. తరువాత అది బయటపడింది. మన పొగాకు రైతు కష్టానికీ ఆ కంపెనీ ఎత్తుకూ ముడిపెట్టకండి. మోసపోయినవాళ్ళలో రైతులూ ఉన్నారు.

వాతావరణం మారుతున్నదా లేదా అన్న వాదానికి కూడా ఇదే కొలబద్ద. హవాయి దీవుల్లో మౌనా లోవా కొండమీద 1958నుంచి గాలిలోని బొగ్గుపులుసు గాలిని కొలుస్తున్నారు. అప్పుడు పది లక్షల పాళ్ళకు 315 పాళ్ళు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. మధ్య భారతంలో విస్తారంగా కుంభవృష్టి కురిసే సందర్భాలు 1950–2015 మధ్య సుమారు మూడు రెట్లు పెరిగినవని పుణె ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ వారి ఆధ్వర్యాన 2017లో లెక్కలు వెలువడినవి. "ఈ ఏడు చలి బాగా పెట్టింది గదా, భూమి వేడెక్కడం ఎక్కడిది?" అనేది సందేహం కాదు, ఒక ఏటి పంటతో పొలం విలువ కట్టడం వంటిది. "మా మండలంలో ఈ జూన్‌లో వాన ఏ వారం వస్తుందో చెప్పగలరా?" అనేది మాత్రం న్యాయమైన సందేహం. దానికి శాస్త్రజ్ఞులు ఇచ్చే జవాబులో ఎంత గట్టిదనం ఉన్నదో అడిగి తెలుసుకొనే హక్కు మీకున్నది.

కాబట్టి సోదరులారా, కొత్త మందు గాని, టీకా గాని, విత్తనం గాని, మరేదైనా సలహా గాని మీ ముందుకు వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి.

మొదటిది, ఏ లెక్క చూపిస్తే నీ మాట మార్చుకొంటావు? ఇది చెప్పేవానినీ అడగండి, కాదనేవానినీ అడగండి. ఏ లెక్కకూ మారనివాడు మీ ఎదుట నిలబడి వాదించడానికి తగడు.

రెండవది, ఎక్కడ, ఎంత మోతాదు, ఏ అదనులో? గోడమీద వరమైనది పొలంలో శాపమైన సంగతి చూశాము.

మూడవది, అమ్మకం పెరిగితే ఎవరికి లాభం, ఆగితే ఎవరికి లాభం? లాభముంటే అబద్ధమే అనుకోనక్కరలేదు. కాని అప్పుడు ఇంకొకచోట కూడా విచారించాలి.

నాల్గవది, మానేస్తే ఏమవుతుంది? సూది వలన ఒకరోజు జ్వరం వస్తుందని లెక్క వేసేవాడు, సూది లేకపోతే వచ్చే జబ్బును కూడా లెక్క వేయాలి. కొట్టడంలో నష్టమెంతో, కొట్టకపోవడంలో నష్టమెంతో రెండు వైపులా తూచాలి.

పొలానికి సంబంధించినదైతే ఇంకొక సులువున్నది. ఎకరంలో అయిదు సెంట్లు మందు కొట్టకుండా వదలి చూడండి. రెండుచోట్లా పురుగులు లెక్కపెట్టండి, ఖర్చు, దిగుబడి వ్రాసి పెట్టండి. పొరుగువారు పదిమంది అట్లా వ్రాసిన కాగితం ముందు అంగడివాని మాటా, అధికారి మాటా రెండూ తలవంచవలసినవే. టీకాలు, జ్వరాలు, వానలు ఒక ఊరిలో తేలేవి కావు. వాటికి దేశమంతటి లెక్కలు కావాలి. అక్కడ ఏళ్ళ తరబడి కొలిచి, ఒకరి లెక్కను మరొకరు తిరగవేసి సరిచూసినవారి మాటకు విలువ ఇవ్వాలి.

తోటి ఉద్యోగులకు ఒక మనవి. "మీ మందు పనిచేయడం లేదు" అని రైతు అంటే, "నువ్వు సరిగా కొట్టలేదు" అన్న మాట నాలుకమీదికి రానీయకండి. మందు పేరు, తేదీ, పైరు, పురుగు, ఎన్నోసారి కొట్టినదీ పుస్తకంలో వ్రాసుకొని, ఆ వారంలోనే పైవారికి, పరిశోధనా కేంద్రానికి పంపండి. పది ఊళ్ళనుంచి ఒకే మాట వస్తే అదే వార్త. 1947లో నల్లి చెప్పిన కబురును అప్పుడే చెవిన పెట్టి ఉంటే 1976 లెక్క కొంతైనా తగ్గి ఉండేది.

ఈసారి ఖరీఫ్‌లో ఎవరు ఏమి కొట్టమన్నా, ఆ అయిదు సెంట్లు మాత్రం వదలడం మరువకండి. సెలవు.